ఒక్క రిలీవర్ కోసం 18 ఏళ్ల షార్ట్‌స్టాప్‌ని ఇచ్చేస్తారా?

శాండియేగో_శీను
2025 జూలై 31న, బేస్‌బాల్ ట్రేడ్ల (ఆటగాళ్ల మార్పిడి) గడువు రోజున, మా శాండియేగో పాడ్రేస్ చేసిన పని ఇప్పటికీ మింగుడు పడట్లేదు. లియో డి వ్రీస్, 18 ఏళ్ల షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య ఫీల్డర్), ప్రాస్పెక్ట్‌లకి (పైకొచ్చే కుర్రాళ్లకి) ర్యాంకులిచ్చే ఎంఎల్‌బీ పైప్‌లైన్ జాబితాలో లీగు మొత్తానికే 3వ ర్యాంకు. వాణ్ణీ, వాడి వెనకాల బ్రేడెన్ నెట్, హెన్రీ బేయెజ్, ఎడ్వార్నియెల్ నూన్యెజ్ అని ముగ్గురు పిచర్లనీ అథ్లెటిక్స్‌కి కట్టబెట్టారు. వచ్చిందెవరయ్యా అంటే మేసన్ మిల్లర్ అనే రిలీవర్ (ఆట మధ్యలో, చివర్లో దిగే పిచర్), తోడుగా జేపీ సియర్స్. మిల్లర్ బంతి 104 మైళ్లు దాటుతుంది, కాదనను. కానీ 162 ఆటలు, ఆటకు 9 చొప్పున 1,458 ఇన్నింగ్స్. అందులో రిలీవర్ వేసేది 60–65. వందకి నాలుగున్నర కూడా లేదు. రోజూ ఆడాల్సిన షార్ట్‌స్టాప్‌ని ఇచ్చి ఇది తెచ్చుకోవడం పాడి గేదెనమ్మి నెయ్యి డబ్బా కొన్నట్టు లేదూ? దీనికి ధర ఏ లెక్కన కడతారో తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి. "కప్పు కావాలంటే తప్పదు" అనే డైలాగు మాత్రం వద్దు.

యార్కర్_యాదగిరి
గిదేం లెక్క భయ్. టీ20ల డెత్ బౌలర్ ఆఖర్ల రెండు ఓవర్లే ఏస్తడు. ఇరవైల రెండు, పది శాతమే గదా అని 19వ ఓవర్ ఎవనికి పడితె వానికి ఇస్తవా?

శాండియేగో_శీను
ఇవ్వను. కానీ ఆ బౌలర్ కోసం పదేళ్లు ఆడే ఓపెనర్‌ని కూడా ఇవ్వను.

బుల్‌పెన్_బాబాయ్
యాదగిరి మాట సగం నిజం. ఇన్నింగ్స్ అన్నీ ఒక్క బరువు తూగవు. లెవరేజ్ ఇండెక్స్ అని ఉంది, సగటు సందర్భానికి 1 వేస్తారు. ఒక్క పరుగు ఆధిక్యంతో 9వ ఇన్నింగ్స్ మొదలైతే అది 3 దరిదాపుల్లో ఉంటుంది. ఎనిమిది పరుగుల తేడాతో నడిచే 7వ ఇన్నింగ్స్‌కి సున్నా దగ్గర. మంచి క్లోజర్‌కి (ఆధిక్యం కాపాడి ఆట ముగించే రిలీవర్) సీజను మొత్తం మీద 1.8 నుంచి 2 దాకా పడుతుంది. అంటే వాడి 65 ఇన్నింగ్స్ మామూలు ఇన్నింగ్స్ 115–130కి సమానం.

అక్టోబర్ (ప్లేఆఫ్స్) లెక్క వేరు. మధ్యలో సెలవు రోజులు ఉంటాయి, ఐదో స్టార్టర్‌తో (ఆట మొదలుపెట్టే పిచర్) పనుండదు, పైవాళ్లనే మళ్లీ మళ్లీ దించుతారు. 2016లో క్లీవ్‌లాండ్ ప్లేఆఫ్స్‌లో 15 ఆటలు ఆడింది. ఆండ్రూ మిల్లర్ ఒక్కడే 19⅓ ఇన్నింగ్స్ వేశాడు, 30 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్ అవుట్). జట్టు వేసిన మొత్తంలో సుమారు ఏడో వంతు. నీ నాలుగున్నర శాతం ఏప్రిల్ లెక్క శీనూ, అక్టోబర్‌ది కాదు.

శాండియేగో_శీను
ఏడో వంతు ఒప్పుకున్నా బాబాయ్. ధర సంగతి చెప్పు.

లెక్కల_మాష్టారు
ధర కట్టేటప్పుడు ముందు చూడాల్సింది చెయ్యి కాదు, క్యాలెండరు. మేజర్ లీగ్ సర్వీసు ఆరేళ్లు నిండితే ఆటగాడు ఫ్రీ ఏజెంట్, ఏ జట్టుకైనా పోవచ్చు. 172 రోజులు రోస్టర్‌లో (జట్టు జాబితా) ఉంటే ఒక ఏడాది కింద లెక్క. మిల్లర్ మీద హక్కు 2029 చివరిదాకా ఉంది. ట్రేడ్ రోజు నుంచి చూస్తే పాడ్రేస్ కొన్నది ఐదు అక్టోబర్లు. అదే 2016లో చికాగో కబ్స్ యాంకీస్ క్లోజర్ అరోల్డిస్ చాప్‌మన్‌ని కొన్నప్పుడు వాళ్లకి దక్కింది రెండు నెలలు, ఒకే ఒక్క అక్టోబర్. రెండింటినీ "రిలీవర్ ట్రేడ్" అని ఒకే గాటన కట్టేస్తే లెక్క అక్కడే తప్పుతుంది.

రెండోది జీతం. సర్వీసులో మొదటి మూడేళ్లు కనీస వేతనం చుట్టుపక్కలే (2025లో 7,60,000 డాలర్లు). తర్వాత ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి తేల్చే జీతం). అక్కడ సేవ్‌ల (చిన్న ఆధిక్యం కాపాడి ముగించిన ఆటలు) సంఖ్యకి బాగా విలువిస్తారు, కాబట్టి క్లోజర్ బిల్లు అదే స్థాయి సెటప్ మ్యాన్ (క్లోజర్‌కి ముందు వేసేవాడు) బిల్లు కంటే వేగంగా పెరుగుతుంది. కొనేవాడు ఈ పెరుగుదల మొత్తం తీసేసి, మిగిలిన లాభానికే కుర్రాళ్లని ఇవ్వాలి.

ఇచ్చే కుర్రాడికీ ఇదే తూకం వెయ్యాలి. చాప్‌మన్‌కి బదులు యాంకీస్‌కి వెళ్లిన గ్లేబర్ టోరెస్ 2018 ఏప్రిల్ 22న మొదటి మ్యాచ్ ఆడాడు, ఫ్రీ ఏజెంట్ అయింది 2024 తర్వాత. ఆరేళ్ల హక్కుతో ఏడు సీజన్లు. సీజను 186 రోజుల చుట్టూ ఉంటుంది గనక మొదట్లో రెండు మూడు వారాలు ఆలస్యంగా పిలిస్తే ఆ ఏడాది 172కి చేరదు, ఇంకో సీజను కలిసొస్తుంది. పైగా 2018, 2019 రెండేళ్లూ ఆల్‌స్టార్, 2019లో 38 హోమ్ రన్లు. చాప్‌మన్ రెండు నెలల ధర అది.

చికాగో_చిట్టి
వచ్చేశాను. చాప్‌మన్ పేరెత్తితే ఊరుకుంటానా?

టోరెస్, ఆడమ్ వారెన్, బిల్లీ మెకిన్నీ, రషాద్ క్రాఫర్డ్. నలుగురు. అవును, ఎక్కువే ఇచ్చాం. కానీ అప్పటి పరిస్థితి చూడండి. షార్ట్‌స్టాప్‌లో 22 ఏళ్ల ఆడిసన్ రస్సెల్, పక్కనే 23 ఏళ్ల హవియర్ బాయెజ్. టోరెస్‌కి 19, ఇంకా మైనర్ లీగుల్లో హై ఏ మెట్టు దాటలేదు. వాడు వచ్చేసరికి మా ఇన్‌ఫీల్డ్‌లో కుర్చీ ఖాళీ లేదు. చాప్‌మన్ వచ్చాక 26⅔ ఇన్నింగ్స్, ఈఆర్‌ఏ (పిచర్ వల్ల పడ్డ పరుగులు, 9 ఇన్నింగ్స్‌కి సగటు) 1.01. ప్లేఆఫ్స్‌లో ఇంకో 15⅔. 1908 తర్వాత మొదటి కప్పు. మాష్టారూ, మీ లెక్కలో 108 ఏళ్లకి ఏ గడి ఉంది?

లెక్కల_మాష్టారు
గడి ఉందమ్మా. "కప్పు గెలిచే అవకాశం ఎంత పెరిగింది" అనేదే ఆ గడి. లీగులో అందరికంటే బలమైన జట్టుకి, చివర్లో ఒక్క చెయ్యి తక్కువైనప్పుడు, ఆ అంకె పెద్దది. వైల్డ్ కార్డు (ప్లేఆఫ్స్‌కి చివరి చోట్లు) అంచున వేలాడే జట్టుకి అదే చెయ్యి, అదే ధర పెడితే చిన్నది. 2016 కబ్స్ మొదటి రకం. నేను ట్రేడ్ తప్పనలేదు, ధర చెప్పానంతే.

స్లైడర్_సుబ్బు
నాకు ట్రేడ్‌తో పేచీ లేదు, వాడిన తీరుతోనే. వరల్డ్ సిరీస్ (ఫైనల్) 5వ ఆటలో చాప్‌మన్‌తో ఎనిమిది అవుట్లు తీయించారు, 42 బంతులు. అది చావో రేవో, సరే. 6వ ఆటలో 7–2తో ముందుండగా 7వ ఇన్నింగ్స్‌లో మళ్లీ దించారు, ఇంకో 20 బంతులు. ఐదు పరుగుల ఆధిక్యానికి! మర్నాడు 7వ ఆట, 8వ ఇన్నింగ్స్, రెండు అవుట్లు పడి ఉన్నాయి, 6–3. క్లీవ్‌లాండ్ గయ్యర్ డబుల్ (రెండో బేస్ దాకా చేర్చే దెబ్బ), వెంటనే రజాయ్ డేవిస్ ఎడమవైపు గోడ దాటించాడు. 6–6. ఆ బంతుల్లో వేగం తగ్గింది, స్లైడర్‌కి పదును లేదు, అందరికీ కనబడింది. టోరెస్‌ని ఇచ్చి కొన్న చేతిని అక్కర్లేని చోట అరగదీసి, అక్కరైన చోట అలసిపోయినదాన్ని వాడారు.

చికాగో_చిట్టి
రికార్డులో 7వ ఆట గెలుపు చాప్‌మన్ ఖాతాలోనే ఉంది సుబ్బూ 😄

స్లైడర్_సుబ్బు
ఆ గెలుపు వర్షంది. ఆట 17 నిమిషాలు ఆపిన ఆ వానకి ఇవ్వాలి ఉంగరం.

యార్కర్_యాదగిరి
ఒక డౌట్. బుల్‌పెన్ అంటె ఎద్దుల కొట్టమే గదా? గా కొట్టంల ఒక్క ఎద్దు కోసం పొలం రాసిచ్చుడు గిక్కడనే చూస్తున్న.

ఫ్రిస్కో_రావు
చాప్‌మన్ కథ అక్కడితో అయిపోలేదు. 2023 జనవరిలో కాన్సస్ సిటీ రాయల్స్ వాణ్ణి ఒక ఏడాదికి 37.5 లక్షల డాలర్లకి తీసుకున్నారు. ఎవరూ పెద్దగా పోటీ పడలేదు. అక్కడ ఈఆర్‌ఏ 2.45. డెడ్‌లైన్ దాకా ఆగకుండా జూన్ 30నే మా రేంజర్స్‌కి అమ్మేశారు. బదులుగా వెళ్లింది కోల్ రాగన్స్, రోనీ కబ్రేరా అనే టీనేజ్ కుర్రాడు.

రాగన్స్ అప్పటికి రెండు టామీ జాన్ (మోచేతి లిగమెంటు) సర్జరీలు అయిన ఎడమచేతి పిచర్. మా దగ్గర బుల్‌పెన్‌లో (రిలీవర్ల దళం) ఈఆర్‌ఏ 5.92. కాగితం మీద చూస్తే ఇవ్వడానికి చేతులు వణకాల్సిన పని లేదు. కానీ ఆ ఏడాది ఫాస్ట్‌బాల్ వేగం బాగా పెరిగింది, దాన్ని రిలీవర్ చిన్న స్పెల్ లెక్కలో కొట్టేశారు. రాయల్స్ మళ్లీ స్టార్టర్‌గా మార్చి, స్లైడర్ చేర్చి, 12 స్టార్ట్‌లు ఇచ్చారు. ఈఆర్‌ఏ 2.64. మరుసటి ఏడాది 223 స్ట్రైకౌట్లు, ఆల్‌స్టార్, సై యంగ్ (ఉత్తమ పిచర్) ఓటింగ్‌లో నాలుగో స్థానం.

ఇంకో విషయం. ప్లేఆఫ్స్‌లో మా 9వ ఇన్నింగ్స్ వేసింది చాప్‌మన్ కాదు, హోసే లెక్లెర్క్. మేం కొన్నది సెటప్ మ్యాన్‌ని. కప్పు మాత్రం వచ్చింది, జట్టు చరిత్రలో మొదటిది.

లెక్కల_మాష్టారు
రావు గారూ, ఇందులో అసలు పాఠం అమ్మినవాడిది. జూన్ 30న అమ్మితే బజార్లో పోటీ సరుకు లేదు, కొనేవాడికి అదనంగా ఒక నెల దక్కుతుంది, ఆ నెలకీ డబ్బు కట్టాలి. జూలై 30కి పదిమంది రిలీవర్లు అమ్మకానికి వస్తారు, ఎవరో ఒకరు తక్కువకి ఇచ్చేస్తారు.

1990_పంతులు
మీరంతా నిన్న మొన్నటివి మాట్లాడుతున్నారు. ఈ జాతరకి గ్రామదేవత జెఫ్ బాగ్వెల్. 1990 ఆగస్టు 30, బోస్టన్ రెడ్ సాక్స్ వాణ్ణి హ్యూస్టన్‌కి ఇచ్చి లారీ ఆండర్సన్ అనే 37 ఏళ్ల రిలీవర్‌ని తెచ్చుకున్నారు. ఆండర్సన్ చెడగొట్టాడనుకుంటారు చాలామంది. లేదు. 15 ఆటలు, 22 ఇన్నింగ్స్, ఈఆర్‌ఏ 1.23. అడిగిన పని చేశాడు. బోస్టన్ డివిజన్ గెలిచింది, ఆపైన ఓక్లాండ్ అథ్లెటిక్స్ చేతిలో నాలుగుకి నాలుగూ ఓడింది. శీతాకాలంలో ఆండర్సన్ వెళ్లిపోయాడు.

బాగ్వెల్‌ని ఎందుకిచ్చారు? వాడు అప్పుడు థర్డ్ బేస్‌మన్. పైన వేడ్ బాగ్స్, మధ్యలో స్కాట్ కూపర్. డబుల్ ఏలో సగటు .333, హోమ్ రన్లు 4. "బలం లేదు" అని రాసుకున్నారు. వాడు ఆడిన న్యూ బ్రిటన్ మైదానం పెద్దది, బంతి గోడ దాటదు. ఆ నాలుగు చూశారు గానీ వాడు కొట్టిన డబుల్స్ చూడలేదు. హ్యూస్టన్ ఫస్ట్ బేస్‌కి మార్చింది. 1991 రూకీ ఆఫ్ ద ఇయర్, 1994 ఎంవీపీ, 449 హోమ్ రన్లు, 2017లో హాల్ ఆఫ్ ఫేమ్.

చిట్టిగారి "కుర్చీ ఖాళీ లేదు" వాదనకి జవాబు ఇదే. కుర్చీ లేకపోతే పక్క కుర్చీలో కూర్చోబెట్టొచ్చు.

చికాగో_చిట్టి
పంతులుగారూ, టోరెస్‌ని ఫస్ట్ బేస్‌లో కూర్చోబెడదామంటే అక్కడ రిజ్జో ఉన్నాడు, ఏం చెయ్యమంటారు?

1990_పంతులు
ఆ బేరం అడగమంటాను. టోరెస్ ఒక్కడే చాలని, మిగతా ముగ్గురిని ఇంట్లోనే ఉంచమని.

ఇంకొకటి కూడా రాసేస్తా. 1997 జూలై 31, సియాటిల్. గ్రిఫీ, రాండీ జాన్సన్, అలెక్స్ రోడ్రిగెజ్ ఉన్న జట్టు, బుల్‌పెన్ మాత్రం చిల్లుల కుండ. ఒకే రోజున హోసే క్రూజ్ జూనియర్‌ని టొరంటోకి ఇచ్చి మైక్ టిమ్లిన్, పాల్ స్పొల్యారిక్‌లను తెచ్చారు. అదే రోజు జేసన్ వారిటెక్, డెరెక్ లోవ్‌లను బోస్టన్‌కి ఇచ్చి హీత్‌క్లిఫ్ స్లోకంబ్‌ని తెచ్చారు. ఆ రోజుకి స్లోకంబ్ ఈఆర్‌ఏ 5.79! వాళ్లు కొన్నది చెయ్యిని కాదు, "అంతకుముందు ఏడాది 31 సేవ్‌లు" అనే బోర్డుని. 2004లో బోస్టన్ మూడు సిరీస్‌లనీ ముగించిన గెలుపులు లోవ్‌వి, బంతి పట్టింది వారిటెక్.

స్లైడర్_సుబ్బు
బోర్డు సంగతి వచ్చింది కాబట్టి, కొనేముందు చేతిని ఎలా చూడాలో రాస్తా.

ఈఆర్‌ఏని పక్కన పెట్టండి. డెడ్‌లైన్ నాటికి రిలీవర్ వేసింది 38–40 ఇన్నింగ్స్, ఒక్క చెడ్డ రోజుతో తారుమారు అవుతుంది. మిల్లర్‌నే చూడండి. అథ్లెటిక్స్‌లో 38⅓ ఇన్నింగ్స్, 16 ఎర్న్‌డ్ పరుగులు, ఈఆర్‌ఏ 3.76. ఒక్క నాలుగు పరుగుల రోజు తీసేస్తే 2.8కి దిగుతుంది. అదే సమయంలో 59 స్ట్రైకౌట్లు. పాడ్రేస్ ఆ 59ని కొన్నారు. ట్రేడ్ తర్వాత 23⅓ ఇన్నింగ్స్, రెండే పరుగులు, 0.77. చెయ్యి మారలేదు, అదృష్టం సర్దుకుంది.

స్ట్రైకౌట్ శాతంలోంచి వాక్ (నాలుగు చెడ్డ బంతులతో బ్యాటర్‌కి ఉచితంగా మొదటి బేస్) శాతం తీసేయండి. 20 పైన ఉంటే మాట్లాడొచ్చు, 25 పైన ఉంటే మంచి ప్రాస్పెక్ట్‌ని బల్ల మీద పెట్టొచ్చు. 15 కింద ఉండి సేవ్‌లు 30 ఉంటే నమస్కారం పెట్టి వచ్చేయండి, వాడు ఇంకో స్లోకంబ్.

వేగాన్ని సీజను సగటుగా చూడొద్దు, చివరి ఆరు వారాలు విడిగా చూడండి. ఒక మైలు తగ్గితే అనుమానం, రెండు తగ్గితే ఫోన్ పెట్టేయడమే. బంతి వదిలే చోటు రెండంగుళాలు కిందికి జారినా అంతే, సాధారణంగా భుజం అలిసిందని అర్థం. వరుసగా రెండో రోజు వేసినప్పుడు వేగం ఎంత నిలిచిందో విడిగా తీయండి, అక్టోబర్‌లో కావాల్సింది అదే. రన్నర్లు బేస్ మీదుండగా దిగిన సందర్భాలు చూడండి. ఎప్పుడూ శుభ్రంగా ఇన్నింగ్స్ మొదట్లోనే దిగే క్లోజర్‌ని 7వ ఇన్నింగ్స్ మధ్యలో మంటల్లోకి దింపితే చేతులెత్తేసేవాళ్లు చాలామంది. 2020 నుంచి కనీసం ముగ్గురు బ్యాటర్లకి వెయ్యాలి లేదా ఇన్నింగ్స్ ముగియాలి అనే రూలు కూడా ఉంది కాబట్టి, ఒక్క ఎడమచేతి బ్యాటర్ కోసం మాత్రమే పనికొచ్చే పిచర్‌కి ఇప్పుడు పావలా కూడా పెట్టకూడదు.

ఎడిసన్_ఇందిర
సుబ్బు చివరి పాయింటుకి మా న్యూయార్క్ మెట్స్ సాక్షి. 2025లో కార్డినల్స్ నుంచి రయాన్ హెల్స్‌లీ వచ్చాడు. అక్కడ 9వ ఇన్నింగ్స్ వాడు, ఇక్కడ అప్పట్లో ఎడ్విన్ డియాజ్ ఉండేవాడు కాబట్టి 8వ ఇన్నింగ్స్. వేగం ఏమీ తగ్గలేదు. ఈఆర్‌ఏ 7.20. బంతి ముందే తెలిసిపోతోందన్న గొడవ కూడా నడిచింది. గ్లవ్ కదలికలోనో, ఊపిరి తీసుకునే తీరులోనో స్లైడర్‌కీ ఫాస్ట్‌బాల్‌కీ తేడా కనిపిస్తే 100 మైళ్ల బంతిని కూడా బాదేస్తారు. సరిదిద్దడానికి మామూలుగా కొన్ని వారాలు పడుతుంది, అద్దెకి (సీజను చివరిదాకా మాత్రమే) తెచ్చుకున్నవాడికి ఆ వారాలు ఉండవు. మేం 83–79, రెడ్స్‌తో సమానం, టై బ్రేకర్‌లో బయటికి.

ఇచ్చింది హెసూస్ బేయెజ్, ఇంకో ఇద్దరు పిచర్లు. డి వ్రీస్ స్థాయి కాదు కాబట్టి గుండె ఆగలేదు.

బుల్‌పెన్_బాబాయ్
ఇందిరగారూ, మీ డియాజ్ కథే తిరగేసి చెప్పొచ్చు. 2018 డిసెంబర్, డియాజ్ కోసం సియాటిల్‌కి వెళ్లిన జారెడ్ కెలెనిక్ అప్పుడు బంగారు బాబు, ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్ల ఎంపిక) 6వ వాడు. 2019లో డియాజ్ ఈఆర్‌ఏ 5.59, న్యూయార్క్ అంతా గగ్గోలు. 2021లో కెలెనిక్ మేజర్స్‌కి వచ్చి కొట్టిన సగటు .181. 2022లో డియాజ్ 62 ఇన్నింగ్స్‌లో 118 స్ట్రైకౌట్లు, 1.31. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ప్రాస్పెక్ట్ అంటే అదే కదా!

ఎడిసన్_ఇందిర
మొదటి ఏడాది సోమలింగం మా ఇంట్లో పుట్టకుండా పోయాడనే ఏడ్చాం. ఒప్పుకుంటా. కానీ ఆ బేరంలో డియాజ్ వెంట వచ్చిన రాబిన్సన్ కానో జీతం కూడా నెత్తినెత్తుకున్నాం, అది మర్చిపోవద్దు.

లెక్కల_మాష్టారు
డబ్బు మాట వచ్చింది కాబట్టి. అమ్మేవాడు జీతంలో కొంత తనే భరిస్తే బదులుగా మెరుగైన కుర్రాణ్ణి అడుగుతాడు. కొనేవాడు లగ్జరీ టాక్స్ గీత (2025లో 24.1 కోట్ల డాలర్లు) దాటి ఉంటే ప్రతి డాలర్‌కి పైన పన్ను కడుతున్నాడు, అప్పుడు డబ్బు కంటే కుర్రాడే చవక అనిపిస్తాడు. ధనవంతుల జట్లు కూడా ప్రాస్పెక్ట్‌లని ధారపోయడానికి ఇదొక కారణం.

మధ్యలో కొన్న అద్దె ఆటగాడికి సీజను చివర క్వాలిఫయింగ్ ఆఫర్ (ఒక ఏడాది ఒప్పందం) ఇవ్వడానికి వీల్లేదు. అంటే వెళ్లిపోతే డ్రాఫ్ట్ పిక్ కూడా రాదు. చేతులు దులుపుకోవడమే.

యార్కర్_యాదగిరి
మరి డ్రాఫ్ట్ పిక్కులే ఇచ్చేస్తె అయిపాయె గదా, పిలగాండ్లనెందుకు ఇచ్చుడు?

లెక్కల_మాష్టారు
ఇక్కడ మామూలు పిక్‌లు అమ్మడం కుదరదు యాదగిరీ. కాంపిటీటివ్ బ్యాలెన్స్ పిక్‌లు (చిన్న జట్లకి అదనంగా ఇచ్చేవి) మాత్రమే చేతులు మారతాయి. ఆ జూలైలో డ్రాఫ్ట్ చేసిన కుర్రాడు కూడా వరల్డ్ సిరీస్ అయ్యేదాకా కదలడు. అందుకే "పేరు తర్వాత చెబుతాం" అని రాసుకునే పద్ధతి, దానికి ఆరు నెలల గడువు.

ఫ్రిస్కో_రావు
శీను అడిగిన దానికి ఇంకో ముక్క. ఎవర్ని ఇవ్వాలి అన్నది 40 మంది రోస్టర్ చూసి తేల్చాలి. 18 ఏళ్లకి గానీ అంతకు ముందు గానీ సంతకం పెట్టినవాణ్ణి ఐదు సీజన్ల తర్వాత, 19కి గానీ ఆపైన గానీ పెట్టినవాణ్ణి నాలుగు సీజన్ల తర్వాత 40లో చేర్చకపోతే రూల్ 5 డ్రాఫ్ట్‌లో ఎవరైనా ఎగరేసుకుపోతారు. నవంబర్ మధ్యలో గడువు. మీ దగ్గర అలాంటివాళ్లు ఆరుగురు, చోట్లు మూడు ఉంటే, మిగిలిన ముగ్గురూ మీకు ఇప్పటికే సగం పోయినట్టే. జూలైలో వాళ్లనే బేరానికి పెట్టాలి. అమ్మే జట్టుకి రోస్టర్‌లో ఖాళీలు ఉంటాయి, వాళ్లకి పూర్తి విలువ కనబడుతుంది. ఒకే కుర్రాడు ఇద్దరికి రెండు ధరలు. మంచి ట్రేడ్ పుట్టేది ఈ తేడాలోంచే.

శాండియేగో_శీను
నా కడుపుమంట అదే రావుగారూ. డి వ్రీస్ 2024 జనవరిలో 17 ఏళ్లకి సంతకం పెట్టాడు. 2028 నవంబర్ దాకా వాడికి 40లో చోటే అక్కర్లేదు. తొందరేమొచ్చింది?

బుల్‌పెన్_బాబాయ్
తొందర వాడిది కాదు, జట్టుది. షార్ట్‌స్టాప్ బోగార్ట్స్ ఒప్పందం 2033 దాకా, మచాడో 2033, టాటిస్ 2034. ఆ ముగ్గురూ ముసలివాళ్లయ్యేలోపు గెలవాలి. డి వ్రీస్ ఒక్కణ్ణి ఇవ్వడం వల్లే ఐదు అక్టోబర్ల చెయ్యి వచ్చింది. చిన్నాచితకా నలుగురితో ఇలాంటివాడు రాడు. నాలుగు రూపాయి బిళ్లలు కలిపితే నాలుగు రూపాయలవుతుంది గానీ, 26 మంది రోస్టర్‌లో నలుగురు సాధారణ ఆటగాళ్లు కలిసి ఒక్క గొప్పవాడు అవ్వరు.

దెబ్బలు కూడా లెక్కేసుకో. సెప్టెంబర్ మొదట్లో రిలీవర్ జేసన్ ఆడమ్ తొడ కండరపు స్నాయువు తెగి కూలబడ్డాడు. సీజనయ్యాక క్లోజర్ సువారెజ్ ఒప్పందంలోంచి బయటికెళ్లాడు. మిల్లర్ లేకపోతే మీ బుల్‌పెన్‌లో ఎవరు మిగిలేవారు?

స్లైడర్_సుబ్బు
బాబాయ్, ఐదు అక్టోబర్లు అని అంత ధీమాగా అనొద్దు. ఆ చెయ్యి 2023లో మోచేతి లిగమెంటు నొప్పితో నెలల తరబడి ఆగింది. స్టార్టర్‌గా తట్టుకోదనే రిలీవర్ చేశారు. 102 మైళ్ల పిచర్‌కి ఐదేళ్ల హక్కు అంటే నా పుస్తకంలో మూడు, మూడున్నర ఏళ్లు. మిగతాది ఇన్‌జురీ లిస్టుకి.

2024 జూలైలో ట్రేడ్ మాటలు నడుస్తుండగానే బల్ల గుద్ది ఎడమ చెయ్యి విరగ్గొట్టుకున్నాడు కూడా. విసిరే చెయ్యి కుడిది కాబట్టి బతికిపోయాడు.

యార్కర్_యాదగిరి
బల్ల గుద్ది చెప్పుడు విన్న గని బల్ల గుద్ది బేరం పోగొట్టుకునుడు ఇప్పుడే ఇన్న 😂

1990_పంతులు
వైద్య పరీక్ష కాగితాలు అందుకే ముఖ్యం. బేరం కుదిరాక రెండు జట్లూ ఆటగాళ్ల వైద్య వివరాలు పంచుకుంటాయి, నచ్చకపోతే ఆగిపోతుంది. 2016లో పామరాంజ్ అనే పిచర్ ట్రేడ్‌లో వివరాలు సరిగా ఇవ్వలేదని లీగు పాడ్రేస్ జనరల్ మేనేజర్ ప్రెలర్‌ని 30 రోజులు సస్పెండ్ చేసింది. మిల్లర్ని కొన్నదీ ఈయనే.

చికాగో_చిట్టి
అంత డబ్బు, అంత కుర్రతనం పెట్టకుండా కూడా దొరుకుతాయి. ఎవన్ ఫిలిప్స్‌ని 2021 ఆగస్టులో రేస్ వదిలేస్తే డాడ్జర్స్ వేవర్స్‌లో (జట్లు వదిలేసినవాళ్ల జాబితా) ఊరికే తీసుకున్నారు. 2022లో ఈఆర్‌ఏ 1.14. ట్రిపుల్ ఏలో మూడో రకం బంతి లేక స్టార్టర్‌గా నిలవలేని కుర్రాళ్లు ఎంతమంది ఉంటారో. రెండు రకాలు చాలు, ఒక ఇన్నింగ్స్ ఇచ్చి చూడొచ్చు.

ఫ్రిస్కో_రావు
దొరుకుతాయి, కానీ జూలై 31న కావాలంటే దొరకవు. ఏప్రిల్ నుంచి పదిమందిని పెట్టి చూస్తే ఇద్దరు నిలుస్తారు. ఎవరు నిలుస్తారో తేలేసరికి ఆగస్టు. 2019 నుంచి ఆగస్టు వేవర్ ట్రేడ్లూ లేవు, డెడ్‌లైన్ తర్వాత తలుపు మూసేసినట్టే.

ఎడిసన్_ఇందిర
జాష్ హేడర్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? 2022 ఆగస్టు 1న బ్రూయర్స్ డివిజన్‌లో మొదటి స్థానంలో ఉండి క్లోజర్‌ని పాడ్రేస్‌కి అమ్మారు. వచ్చినవాళ్లు టేలర్ రోజర్స్, లామెట్, గాసర్, ఎస్టెయురీ రూయిజ్. లామెట్‌ని రోజుల్లోనే వదిలేశారు. చివరికి ఒక్క ఆట తేడాతో ప్లేఆఫ్స్ పోయింది. ఘోరమైన ట్రేడ్ అన్నారు.

లెక్కల_మాష్టారు
డిసెంబర్ దాకా ఆగితే ఆ మాట అనరు. రూయిజ్‌ని ఓక్లాండ్‌కి పంపిన మూడు జట్ల ట్రేడ్‌లో బ్రూయర్స్‌కి విలియం కాంట్రెరాస్ వచ్చాడు, ఆల్‌స్టార్ క్యాచర్. హేడర్ మొదటి రెండు నెలలు పాడ్రేస్‌లో 7.31, మరుసటి ఏడాది 1.28, ఆ తర్వాత ఆస్ట్రోస్‌తో 9.5 కోట్ల డాలర్ల ఒప్పందం. ఎవరు గెలిచారో ఏ రోజున ఆపి చూస్తావన్న దాన్ని బట్టి ఉంటుంది. 2022 అక్టోబర్‌లో పాడ్రేస్, 2023 నుంచి బ్రూయర్స్.

శాండియేగో_శీను
సరే మాష్టారూ, గేదె-నెయ్యి మాట వెనక్కి తీసుకుంటా. ఐదు అక్టోబర్లలో ఒకటి అప్పుడే అయిపోయింది, వైల్డ్ కార్డ్‌లో కబ్స్ చేతిలో. నాలుగున్నాయి, సుబ్బు లెక్కలో రెండున్నర. డి వ్రీస్ అప్పుడే డబుల్ ఏ మిడ్‌లాండ్‌కి చేరాడు. కడుపుమంట మాత్రం ఉంటుంది.

చికాగో_చిట్టి
కబ్స్ చేతిలో అని నువ్వే అన్నావు, నేనేం అనలేదు 😇

1990_పంతులు
ఇంతమంది ఇన్ని రాశారు, ఆ ట్రేడ్‌లో రెండోవాడు సియర్స్ గురించి ఒక్క ముక్క లేదు. 2017 నవంబర్‌లో సియాటిల్ అతన్ని ప్రాస్పెక్ట్‌గా యాంకీస్‌కి ఇచ్చి తెచ్చుకుంది నిక్ రంబెలో అనే రిలీవర్‌ని. 2022 ఆగస్టులో యాంకీస్ మళ్లీ ప్రాస్పెక్ట్‌గా ఓక్లాండ్‌కి పంపితే వచ్చింది స్టార్టర్ మాంటాస్, వెంట లూ ట్రివినో అనే రిలీవర్. మూడోసారి రిలీవర్ పక్కన కూర్చుని వచ్చాడు పాపం.

యార్కర్_యాదగిరి
నాలుగోసారి డి వ్రీస్‌ని వాపస్ తెచ్చేతందుకు పంపుతరు సూడు.